అరవై దాటిన కూలీకి ఏం మిగలాలి?

(కూలీల, కార్యకర్తల సమావేశంలో ఒక రిటైర్డ్ తపాలా ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం. - సం.)



నన్ను డబ్బు గురించి మాట్లాడమన్నారు. మన సభల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు. భూమి గురించి మాట్లాడతాం, కూలి రేట్ల గురించి, దాడుల గురించి, కేసుల గురించి మాట్లాడతాం. కొట్లాడి పెంచుకున్న కూలి రూపాయి ఆ తర్వాత ఎటు పోయిందో మాత్రం అడగం. అడిగితే అదేదో షావుకారు బుద్ధి అనుకుంటాం.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. నాకు పింఛను వస్తుంది. 1986లో తపాలా శాఖలో చేరాను, 2017లో దిగాను. 2004 జనవరి 1 తర్వాత చేరినవాళ్ళకు ఆ పాత పింఛను తీసేశారు. నేను ముందు చేరాను కాబట్టి బతికిపోయాను. అది కూడా రిజర్వేషన్ పుణ్యాన వచ్చిన ఉద్యోగం. పింఛను తినేవాడు పింఛను లేనివాళ్ళకు పొదుపు పాఠం చెప్తే కడుపు నిండినవాడు ఉపవాసం గురించి చెప్పినట్టుంటుంది. అందుకని నీతులు చెప్పను. కౌంటరు అవతల ముప్పై ఒక్క ఏళ్ళు కూర్చుని చూసిందే చెప్తాను.

మా అమ్మ సంగతితో మొదలుపెడతా. మా అమ్మ పొగాకు సీజనులో ఆకు కర్రలకు కట్టేది, మిగతా రోజులు కలుపుకి, కోతకి పోయేది. మా ఇంటి నిట్టాడికి ఒక తొర్ర ఉండేది. అందులో గుడ్డలో చుట్టి బిళ్ళలు దాచేది. మా నాన్నకి తెలుసు, తెలియనట్టు ఉండేవాడు. నాకు ఉద్యోగం వచ్చాక ఒకరోజు అడిగాను, "అమ్మా, ఎందుకే ఆ డబ్బులు?" అని. "నాకొక మంచం కొనుక్కోవాలిరా, నవారు మంచం. ముసలిదాన్నయ్యాక దాని మీద పడుకుంటే పొద్దున్నే మేస్త్రి వచ్చి పిలిచినా లెయ్యకూడదు" అంది.

నాకు నవ్వొచ్చింది ఆ రోజు. ఇప్పుడు రావట్లేదు. జీవితాంతం ఇంకొకళ్ళు పిలిస్తే లేచిన మనిషికి, పిలిచినా లేవకుండా ఉండే ఒక పొద్దు కావాలి. అది ఆమె కోరిక. దానికోసం బిళ్ళలు దాచింది. పెద్ద ఆఫీసర్లు, ఇన్సూరెన్సు వాళ్ళు దీనికి ఏవేవో పేర్లు పెడతారు. మా అమ్మ చేసింది అదే. ముందు ఏం కావాలో తేల్చుకుంది, తర్వాత డబ్బుని దానికి కట్టేసింది.

మంచం కొందా అంటే, కొనలేదు. మా అక్క కాన్పుకి ఆ తొర్ర ఖాళీ అయింది. తర్వాత నేనే కొనిచ్చాను. తను కొనుక్కున్న మంచం కాదు గదా, దాని మీద పడుకుని కూడా పొద్దున్నే లేచేది.

ఇందాక టీ తాగేటప్పుడు ఇక్కడున్న నలుగురు అక్కల్ని అడిగాను. మీకు అరవై ఐదేళ్ళు వచ్చాక ఎట్లా ఉండాలనుంది అని. ఒకామె, "కోడల్ని మందుబిళ్ళకి డబ్బులడక్కుండా ఉంటే చాలు" అంది. ఇంకొకామె, "చర్చికి పోయినప్పుడు చందా నా చేత్తో నేను వెయ్యాలి" అంది. ఒకామె మాత్రం చాలాసేపు ఆలోచించి, "అట్లా ఎవరూ అడగలేదు అన్నా" అంది. అదీ సంగతి. మనల్ని ఎవరూ అడగలేదు, మనం మనల్ని అడుక్కోలేదు. ఏం కావాలో మనం తేల్చకపోతే, మన డబ్బు ఎటుపోవాలో ఇంకొకడు తేలుస్తాడు. వడ్డీవాడు తేలుస్తాడు, షామియానావాడు తేలుస్తాడు, సారా కొట్టువాడు తేలుస్తాడు.

సారా అన్నాను కాబట్టి ఒక మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. మనం ఆ కథ అంతవరకే చెప్పుకుంటాం. దాని వెనకాలే ఇంకొకటి జరిగింది. అదే నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు రోజుకొక రూపాయి పక్కన పెట్టడం మొదలుపెట్టారు, పొదుపులక్ష్మి అన్నారు దాన్ని. సారా కొట్టుకి పోయే రూపాయిని పట్టుకుని, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో కూడా వాళ్ళే చెప్పారు. మొదటిది ఉద్యమం, రెండోది ఆడవాళ్ళ చిల్లర లెక్క అనుకోవడం మన మగ నాయకుల పొరపాటు. నేనూ అట్లాగే అనుకున్నాను అప్పట్లో.

ఇప్పుడు అప్పు లెక్క చూద్దాం. పిల్ల పెద్దమనిషైంది, ఫంక్షను చేశాం. షామియానా, ఫ్లెక్సీ, కోడి మాంసం, వీడియో. ఇరవై వేలు తక్కువపడ్డాయి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. నెలకు ఆరు వందలు. ఏడాదికి 7,200. అసలు కట్టకుండా ఐదేళ్ళు వడ్డీ మాత్రమే కడితే 36,000. అప్పటికీ అసలు ఇరవై వేలు అట్లాగే నిలబడి ఉంటుంది, మన గుమ్మంలో. ఆ పిల్ల పెళ్ళికి మళ్ళీ అప్పు.

అదే నెలకు ఐదు వందలు పోస్టాఫీసు ఆర్‌డీలో ఐదేళ్ళు వేస్తే? అసలు 30,000. 2024 నాటి వడ్డీ 6.7 శాతం లెక్కన చేతికి వచ్చేది 35 వేల పైన. ఒకే ఇల్లు, ఒకే చెమట, అవే ఐదేళ్ళు. ఒక దారిలో 36 వేలు పోయి ఇంకా ఇరవై వేలు బాకీ. రెండో దారిలో 35 వేలు చేతిలో. నేను కౌంటరులో కూర్చుని ఈ రెండు రకాల ఇళ్ళూ చూశాను. రెండో రకం వాళ్ళ కూలి ఎక్కువేం కాదు. ఎక్కువగా వాళ్ళలో ఆడమనిషి గట్టిది.

ఫంక్షన్లు చెయ్యొద్దా అని అడుగుతారు. ఊళ్ళో వాళ్ళు పెద్ద హాలు పెట్టి చేస్తే మనం చాపమీద చెయ్యాలా అంటారు. ఆ బాధ నాకు తెలుసు. తరాలుగా మన పెళ్ళికి మేళం మోగించుకోనివ్వలేదు, గుర్రం ఎక్కనివ్వలేదు. అవకాశం వచ్చినప్పుడు మోగించాలనిపిస్తుంది. నేనూ మా పెద్దమ్మాయి పెళ్ళికి జీపీఎఫ్‌లో లోను తీసి మరీ మోగించాను. కానీ ఒక్కటి చూడండి. మనం పోటీ పడుతున్న ఆసామికి ఐదెకరాలు, పదెకరాలు ఉన్నాయి. వాడి ఫంక్షను పొలంలోంచి వస్తుంది. మనది ఒంట్లోంచి వస్తుంది. ఒంటికి అరవై వస్తాయి, పొలానికి రావు.

బాబాసాహెబ్ సంగతి చూడండి. 1917లో బరోడా స్కాలర్‌షిప్ గడువు అయిపోయి లండన్ చదువు మధ్యలో వదిలేసి రావాల్సి వచ్చింది. బరోడాలో ఉద్యోగానికి పోతే ఉండటానికి ఇల్లివ్వలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరు అయ్యారు. మంచి జీతం. ఇంకొకరైతే బంగళా చూసుకునేవాళ్ళు. ఆయన పరేల్ చాల్లో ఉన్నారు. ఇంటి ఖర్చుకి ఇంత అని రమాబాయి చేతిలో పెట్టి మిగతాది లండన్ కోసం దాచారు. చాలనిదానికి కొల్హాపూర్ మహారాజు సాయం చేశారు, నావల్ భతేనా అనే స్నేహితుడి దగ్గర అప్పు తీసుకున్నారు. 1920లో మళ్ళీ ఓడెక్కారు. 1923లో రూపాయి సమస్య మీద ఆయన రాసిన పుస్తకం అచ్చయింది. ఆయనా అప్పు చేశారు. ఎందుకు చేశారు, అది ఎక్కడికి తీసుకుపోయింది అనేది చూడాలి. ఇంకో సంగతి కూడా దాచకూడదు. ఆ ఇంత అన్న డబ్బుతో బొంబాయిలో ఇల్లు నడిపింది రమాబాయి. ఆ లెక్కలో ఆమె పస్తులు కూడా ఉన్నాయి. ఇంట్లో ఒకరి లక్ష్యం కోసం ఇంకొకరు కడుపు కట్టుకుంటుంటే, ఆ మాట ఇద్దరూ కూర్చుని అనుకోవాలి. మన ఇళ్ళల్లో కడుపు కట్టుకునేది ఎప్పుడూ ఒకరే.

ఇక్కడ వెనక కూర్చున్న తమ్ముడు పొద్దున నాతో వాదన పెట్టుకున్నాడు. "అన్నా, కూలీకి మిగిలేదేముంది దాచటానికి? కూలి పెంచమని, భూమి పంచమని అడగాలి గానీ రూపాయి దాచమని చెప్తే ప్రభుత్వం తప్పుకుంటుంది" అన్నాడు. సగం నిజం. పింఛను ఎట్లా పెరిగిందో చూడండి. 1995లో కేంద్రం మొదలుపెట్టిన వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2006లో 200 అయింది, 2014లో వెయ్యి, 2019 జనవరిలో రెండు వేలు, 2024 జనవరిలో మూడు వేలు, అదే ఏడు జూలైలో నాలుగు వేలు. తెలంగాణలో 2014లో వెయ్యి, 2019లో 2,016 చేశారు. 2014, 2019, 2024 అన్నీ ఓట్ల సంవత్సరాలే, గమనించారా? మన ఓటుకి భయపడి పెంచారు. కేంద్రం మాత్రం ఎనభై ఏళ్ళలోపు వాళ్ళకు తన వాటా 2006లో 200 చేసి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ముట్టుకోలేదు. కాబట్టి అడగాలి, గట్టిగా అడగాలి. ఆ మాటలో తమ్ముడితో నాకు తగాదా లేదు.

మిగతా సగానికి ఒక మనిషి కథ చెప్తా. పేరు చెప్పను. ఈ హాల్లో చాలామందికి తెలుసు ఎవరో.

ఆయన పాలేర్ల సంఘం పెట్టిన మనిషి. బంజరు భూములకు సైకిలు మీద పిటిషన్లు మోసిన మనిషి. పెళ్ళాం కూలికి పోయి ఇల్లు నడిపితే ఈయన మన కోసం తిరిగాడు. మా సబ్ పోస్టాఫీసులో ఆయన ఆర్‌డీ తెరిచాడు, ఐదు సార్లు. నేనే ఫారాలు నింపాను. ఐదు సార్లూ మూడేళ్ళు దాటగానే మధ్యలో మూసేశాడు. ఒకసారి కుర్రాళ్ళ బెయిలుకి. ఒకసారి దెబ్బలు తిన్నవాళ్ళని గుంటూరు ఆస్పత్రికి తీసుకుపోవటానికి. ఒకసారి సభకి లారీ కిరాయి. ప్రతిసారీ, "తర్వాత వసూలు చేసి ఇస్తామన్నారులే" అనేవాడు. ఎవరన్నారు? మనమే అన్నాం. ఎవరిచ్చాం? ఎవరం ఇవ్వలేదు. మర్చిపోయాం, దురుద్దేశం ఏం లేదు.

డెబ్బై ఏళ్ళు రాకముందే ఊపిరి ఆడక మంచాన పడ్డాడు. కొడుకు పంచలో రేకుల కింద. నేను చూడటానికి పోతే, "ఇన్‌హేలరు అయిపోయింది, కొడుకుని అడగటానికి మొహం చెల్లట్లేదు" అన్నాడు. వేలమంది ముందు మైకులో అడిగిన గొంతు అది. చచ్చిపోయినప్పుడు పెట్టెకి చందాలు వేశాం. నీలం జెండా కప్పాం. పెద్ద ఊరేగింపు. నేను క్లెయిము కాగితాలకని పాస్‌బుక్కు తీసి చూస్తే 212 రూపాయలున్నాయి. ఆ పెట్టెకి వేసిన చందాలు నాలుగేళ్ళ ముందు వేసి ఉంటే ఇన్‌హేలరుకి కొడుకుని అడక్కపోను. ఆ చందాలో నేను ఐదు వందలు వేశాను. ఆయన బతికుండగా ఎప్పుడూ వెయ్యలేదు.

త్యాగం అని పెద్ద మాట వాడి మనం మన కార్యకర్తల ముసలితనాన్ని వాళ్ళ కోడళ్ళ మీద పడేస్తున్నాం. పూర్తికాలం పనిచేసే ప్రతి మనిషికీ మన సంఘం ఒక ఖాతా తెరవాలి. చందా పుస్తకంలో బెయిలు, లారీ, కరపత్రం అని గీతలున్నట్టే అదొక గీత ఉండాలి. నెలకు పల్లెకి వంద రూపాయలు పెద్దదేం కాదు. తీసిన డబ్బు తిరిగి ఎప్పుడు వేస్తామో తేదీ రాసి, సంతకం పెట్టి తియ్యాలి.

ఇక ఎవరు ఏం చెయ్యొచ్చో, నాకు తెలిసినంతవరకు.

పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ళ లోపు వాళ్ళకి 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన ఉంది. పేరు ఎవరిదైతే మనకేం, డబ్బు మనదే. అరవై తర్వాత నెలకు ఐదు వేలు రావాలంటే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు నెలకు 210 కడితే చాలు. అదే ముప్పైకి మొదలుపెడితే 577. నలభైకి మొదలుపెడితే 1,454. ఎంత ఆలస్యమైతే అంత మోత. అందుకే ఈ మాట మీకంటే మీ కొడుకులకి, కూతుళ్ళకి చెప్పండి. మనిషి పోతే ఆ పింఛను భార్యకో భర్తకో వస్తుంది, ఆ తర్వాత పోగైన సొమ్ము నామినీకి వస్తుంది. కూలీలకు పనికొచ్చే సంగతి ఒకటుంది. నెల నెలా కట్టక్కర్లేదు, ఆరు నెలలకోసారి కట్టే ఏర్పాటు ఉంది. మిరపకాయల కోత డబ్బులు చేతిలో ఉన్నప్పుడు కట్టేయొచ్చు. అయితే ఐదు వేలే చాలని అనుకోకండి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు వెయ్యి రూపాయలంటే పెద్ద మొత్తం. ఇప్పుడు గ్యాస్ బండ కొంటే చిల్లర మిగుల్తుంది. ఇది నేల మాత్రమే, గోడలు వేరే కట్టుకోవాలి.

నలభై దాటినవాళ్ళు పోస్టాఫీసు ఆర్‌డీ చూడండి, నెలకు వంద నుంచి వెయ్యొచ్చు. ఏడాది కట్టాక అవసరం పడితే దాని మీదే సగం వరకు అప్పు ఇస్తారు, ఖాతా మూసెయ్యక్కర్లేదు. మూడు రూపాయల వడ్డీవాడి దగ్గరికి పోయే ముందు ఇది గుర్తు తెచ్చుకోండి. పైసలు కట్టిన ప్రతిసారీ పాస్‌బుక్కులో ముద్ర పడిందో లేదో చూసుకోండి. మన కుర్రాడే ఏజెంటుగా వచ్చి, "మా కంపెనీలో వేస్తే మూడేళ్ళకి రెట్టింపు" అంటే దణ్ణం పెట్టి పంపించండి. పదేళ్ళ కిందట అట్లాంటి కంపెనీలు మూతబడితే మన పల్లెల్లో అన్నదమ్ములే అన్నదమ్ములకు మొహం చూపించలేకపోయారు. ఏజెంటు కూడా మునిగాడు పాపం.

ఆధార్‌లో వయసు చూసుకోండి. ఒంట్లో అరవై ఐదున్నా కార్డులో యాభై ఐదు పడి పింఛను రానివాళ్ళని డజన్ల కొద్దీ చూశాను. ఇప్పుడే సరిచేయించుకోండి, అరవై వచ్చాక పరిగెత్తటం కాదు. ఏడాదికి ఇరవై రూపాయలకు రెండు లక్షల ప్రమాద బీమా ఉంది బ్యాంకులో. ట్రాక్టర్ల మీద, ఆటోల్లో కోతలకు పోయే మనకంటే ఎవరికి కావాలి అది?

ఇల్లు, భూమి. దీని మీద కొంచెం గట్టిగా చెప్తాను. ముసలితనంలో మనకున్న పెద్ద ఆస్తి పట్టా స్థలం, ఎకరమో అరెకరమో అసైన్డ్ భూమి. 1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకూడదంది. అయినా చేతులు మారిపోయింది, తెల్లకాగితాల మీద. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం సవరించి ఇరవై ఏళ్ళు దాటిన భూమి మీద మొదటి పట్టాదారుకి పూర్తి హక్కు ఇస్తామన్నారు. వినటానికి బాగుంది. అమ్ముకునే హక్కు వచ్చిందంటే కొనేవాడు ఇప్పటికే గుమ్మంలో ఉన్నాడని అర్థం. ఫంక్షను అప్పుకి భూమి పెట్టకండి.

కొడుకు పేర ఇల్లు రాసేవాళ్ళు తొందరపడకండి. ప్రేమతోనే రాయండి, కానీ బతికున్నంత కాలం పోషించాలి అన్న షరతు ఆ దస్తావేజులో రాయించండి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. షరతు రాసి ఉండి కొడుకు చూడకపోతే ఆ రాతని రద్దు చేయించుకోవచ్చు. పోషణ ఇప్పించమని ఆర్డీఓ దగ్గర అర్జీ పెట్టుకోవచ్చు. కొడుకు మీద అర్జీయా అని ముక్కున వేలేసుకుంటారు. షరతు ముందే రాసుంటే అర్జీ దాకా పోదు చాలాసార్లు. నా అనుభవం అది.

టైమైపోయిందని అధ్యక్షులు చీటీ పంపారు. వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఇదే హాల్లో కూర్చుంటాను. పాస్‌బుక్కులు, ఆధార్ కార్డులు, పట్టా కాగితాలు ఏవుంటే అవి తెచ్చుకోండి. భార్యాభర్తలు ఇద్దరూ రండి, ఒక్కళ్ళు వస్తే కుదరదు. పాస్‌బుక్కు పోగొట్టుకున్నవాళ్ళు కూడా రండి, పేరు, ఊరు చెప్తే నంబరు వెతికించి తీయిస్తాను. కార్యకర్తల ఖాతాకి నా వంతు మొదటి వంద ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నా. కోశాధికారి రసీదు రాయాలి.

జై భీమ్.